ఇడ్లీ పిండి నుంచి సంపు దాకా: హైస్కూల్ పిల్లలు సొంతంగా సైన్స్ ప్రాజెక్టు చెయ్యడం ఎలా

ప్రతి సంవత్సరం నవంబర్‌లో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తప్పకుండా వస్తుంది, "ఎవరి దగ్గరైనా మంచి సైన్స్ ప్రాజెక్ట్ ఐడియా ఉంటే చెప్పండి ప్లీజ్, ఎల్లుండి సబ్మిషన్" అని. మేముండేది బెంగళూరులో మారతహళ్ళి దగ్గర, సగం ఫ్లాట్లు మన తెలుగువాళ్ళవే, నేను ఎలక్ట్రానిక్స్ బోర్డుల మీద పనిచేస్తానని అందరికీ తెలుసు కాబట్టి ఆ మెసేజ్ వచ్చిన కాసేపటికి మా ఇంటి బెల్ మోగుతుంది. రెండు రోజుల్లో అయ్యేది ఏముంటుందండీ, థర్మోకోల్‌తో చంద్రయాన్, వంటసోడా వెనిగర్‌తో అగ్నిపర్వతం, సిరంజీలతో జేసీబీ, అంతే. అవి చెయ్యడం తప్పని నేను అనను, ఐదో క్లాస్ పిల్లలకి అవి బానే ఉంటాయి, కానీ అవి మోడల్స్, ప్రాజెక్టులు కావు. మోడల్ అంటే ఎవరో ఎప్పుడో కనుక్కున్నది మళ్ళీ చూపించడం. ప్రాజెక్టు అంటే మీకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి పట్టుకుని, మీ చేత్తో కొలిచి, జవాబు తెచ్చుకోవడం. ఎనిమిది, తొమ్మిది, పది చదివే పిల్లలు రెండోది చక్కగా చెయ్యగలరు, మూడేళ్ళుగా ఆదివారాలు మా బిల్డింగ్ పిల్లలతో కూర్చుని చూస్తున్నాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్తున్నా. కావాల్సింది ఖరీదైన కిట్ కాదు, పది పన్నెండు వారాల టైమ్, ఒక లాంగ్ నోట్‌బుక్, ఒక స్కేల్.

ముందు పెద్దవాళ్ళకి ఒక్క మాట

అమ్మలూ నాన్నలూ, దయచేసి ప్రాజెక్టు మీరు చెయ్యకండి. డబ్బులిచ్చి రెడీమేడ్ ప్రాజెక్టు కొనకండి. ఆ బాక్స్ స్కూల్లో పెట్టినప్పుడు టీచర్ "ఈ రెసిస్టర్ ఎందుకు పెట్టావు నాన్నా" అని అడిగితే పిల్లాడు నేల చూపులు చూస్తూ నిలబడతాడు, ఆ సిగ్గు వాడికి చాలా రోజులు గుర్తుంటుంది. మీరు చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి. కత్తి, సోల్డరింగ్ ఐరన్, స్టవ్, కరెంటు ఉన్న చోట పక్కన నిలబడాలి. షాపుకి తీసుకెళ్ళాలి. వారానికి ఒకసారి "ఈ వారం ఏం కొలిచావు, ఏమొచ్చింది" అని అడిగి, వాడు చెప్పేది నిజంగా వినాలి. తప్పు చేస్తుంటే వెంటనే సరిచెయ్యకండి, ప్రమాదం ఉంటే తప్ప. వాడే రెండు వారాల తర్వాత "నాన్నా, నేను మొదటి నుంచీ తప్పు కొలుస్తున్నా" అని వచ్చి చెప్తాడు చూడండి, అక్కడే వాడు నేర్చుకునేది ఎక్కువ.

మొదటి మెట్టు: ప్రశ్న దొరకపుచ్చుకోవడం

గూగుల్‌లో "టాప్ 50 సైన్స్ ప్రాజెక్ట్స్" అని వెతక్కండి. దానికి బదులు ఒక వారం పాటు ఇంట్లోవాళ్ళు చేసే కంప్లయింట్లన్నీ రాసుకోండి. నిజంగా చెప్తున్నా, ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలీదు. మా బిల్డింగ్‌లో ఒక తొమ్మిదో క్లాస్ అమ్మాయి అలా రాసుకొచ్చిన లిస్టు ఇదీ: కావలి నుంచి వచ్చిన అమ్మమ్మ "ఈ ఊళ్ళో పిండి పులవదే" అంటుంది, బోరు నీళ్ళకి బకెట్లన్నీ తెల్లగా గారపడుతున్నాయి, సంపులో నీళ్ళు ఎప్పుడైపోయాయో ఎవరికీ తెలీదు, తడి బట్టలు జూలైలో రెండు రోజులైనా ఆరవు, మేడ మీద ఫ్లాట్ మధ్యాహ్నం కొలిమిలా ఉంటుంది. ఐదు కంప్లయింట్లు, ఐదు ప్రాజెక్టులు. ఒక్కటి కూడా ఇంటర్నెట్ నుంచి రాలేదు, ఐదూ బెంగళూరువే.

లిస్టులోంచి ఒకటి ఎంచుకునేటప్పుడు నేను అడిగేవి మూడే. దీన్ని అంకెతో కొలవగలవా? ఇంట్లో, ఇప్పుడున్న సామానుతో చాలాసార్లు మళ్ళీ మళ్ళీ చెయ్యగలవా? జవాబు ఎటొచ్చినా నీకు తెలుసుకోవాలనుందా? ఈ మూడోది తేలిగ్గా తీసుకోకండి, పది వారాలు ఇంటరెస్ట్ నిలబడేది దాని మీదే.

రెండో మెట్టు: ప్రశ్నని చిన్నది చెయ్యడం

పిల్లలందరూ మొదట పెద్ద ప్రశ్నతోనే వస్తారు, "బెల్లందూర్ చెరువు కాలుష్యం ఎలా తగ్గించాలి" అని. ఆ చెరువు నురగ రోడ్డు మీదకి రావడం, నిప్పంటుకోవడం అందరం చూశాం, బాధ అర్థమవుతుంది, కానీ అది ప్రభుత్వాలు ఏళ్ళ తరబడి చేసే పని, ఒక పిల్ల మూడు నెలల్లో చేసేది కాదు. దాన్ని నలిపి నలిపి చిన్నది చెయ్యాలి. "సబ్బు నీళ్ళు, సర్ఫ్ నీళ్ళు, మామూలు నీళ్ళు ఒకే ఎత్తు నుంచి పోస్తే ఏ నురగ ఎంతసేపు నిలబడుతుంది" అంటే అది ఒక ఆదివారం మొదలుపెట్టగలిగే ప్రశ్న, పైగా నురగ ఎందుకొస్తుందో నిజంగా అర్థమవుతుంది.

అలాగే "పిండి ఎందుకు పులవదు" అన్నది పెద్ద ప్రశ్న. "ఒకే పిండిని నాలుగు రకాల టెంపరేచర్లలో పెడితే ఒక్కోటి ఎన్ని గంటల్లో ఎంత పొంగుతుంది" అన్నది కొలవగలిగే ప్రశ్న. మార్చేది ఒక్కటే, కొలిచేది ఒక్కటే, మిగతావన్నీ కదలకుండా పట్టుకోవాలి. నోట్‌బుక్‌లో మొదటి పేజీలో ఈ మూడూ రాయకుండా నేను ఎవర్నీ ముందుకెళ్ళనివ్వను.

మూడో మెట్టు: కాస్త చదవడం

ఇక్కడ వారానికి మించి ఆగొద్దు. పిండి విషయంలో తెలుసుకోవాల్సింది ఇంతే: మినప్పప్పు, బియ్యం మీదే సహజంగా ఉండే బ్యాక్టీరియా, ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ అనే రకం, పిండిలోని చక్కెరల్ని తిని యాసిడ్‌నీ కార్బన్ డయాక్సైడ్‌నీ వదులుతాయి, యాసిడ్ వల్ల పులుపు వస్తుంది, గ్యాస్ వల్ల పిండి పొంగుతుంది, మినప్పప్పులోని జిగురు ఆ గ్యాస్‌ని బయటికి పోకుండా పట్టి ఉంచుతుంది. వేడి తక్కువైతే ఆ బ్యాక్టీరియా నెమ్మదిస్తాయి. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, డిసెంబర్ రాత్రుళ్ళు 15, 16 డిగ్రీలకి దిగుతుంది, అదే నెలలో కావలి, నెల్లూరు అంత చల్లబడవు. కాబట్టి అమ్మమ్మ చెప్పేది నిజమే అయ్యుండొచ్చు, కానీ ఎంత నిజమో ఎవరూ కొలవలేదు. ఇప్పుడు మీ అంచనా ఒక్క వాక్యంలో రాయండి, కారణంతో సహా. అంచనా తప్పయితే మార్కులు పోతాయన్న భయం చాలామంది పిల్లల్లో ఉంది. పోవు. అంచనా తర్వాత దిద్దితేనే తప్పు.

నాలుగో మెట్టు: నోట్‌బుక్

బైండు చేసిన నోట్‌బుక్ కొనండి, స్పైరల్ వద్దు, పేజీలు చింపాలనిపిస్తుంది. మొదటి రోజే పేజీలకి నంబర్లు వెయ్యండి. పెన్నుతోనే రాయాలి, తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయాలి, వైట్నర్ వాడొద్దు. ప్రతి ఎంట్రీకి తేదీ, టైమ్. "కరెంటు పోయింది, ఓవెన్ లైటు 40 నిమిషాలు ఆగింది", "తమ్ముడు మూడో గ్లాసు తట్టాడు" లాంటివి కూడా రాయాలి, రెండు వారాల తర్వాత ఒక అంకె వింతగా కనిపిస్తే జవాబు అక్కడే దొరుకుతుంది. ఫెయిర్ కాపీ మళ్ళీ రాయకండి, మరకలతో ఉన్న రఫ్ బుక్కే అసలైన సాక్ష్యం, జడ్జీలు కూడా ముందు దాన్నే తిరగేస్తారు.

ఐదో మెట్టు: అసలు ప్రయోగం, ఇడ్లీ పిండితో

దీన్ని కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఏ ప్రయోగానికైనా వచ్చే ఇబ్బందులన్నీ ఇందులో వస్తాయి.

ఒకే సైజు, నిటారుగా ఉండే గ్లాసులు లేదా సీసాలు 12 తీసుకోండి. కింద సన్నగా పైన వెడల్పుగా ఉండే టీ గ్లాసులు పనికిరావు, పైకి వెళ్ళేకొద్దీ ఒక సెంటీమీటరుకి పట్టే పిండి మారిపోతుంది కాబట్టి ఎత్తుని బట్టి ఎంత పొంగిందో చెప్పలేం. ప్రతి గ్లాసుకీ బయట కాగితం స్కేల్ అతికించండి. పిండి ఒకే వాయి, ఒకే ఉప్పు, అన్నీ కలిపాకే గ్లాసుల్లో పొయ్యాలి. ప్రతి దాంట్లో 6 సెంటీమీటర్ల ఎత్తు వరకే, పొంగితే పైకి చోటుండాలి కదా. మూత బిగించొద్దు, గ్యాస్ పోవాలి, వదులుగా ఒక ప్లేటు పెడితే చాలు.

ఇక నాలుగు చోట్లు: ఫ్రిజ్, వంటగది గట్టు, స్విచ్ వెయ్యకుండా లోపలి లైటు మాత్రం వెలిగించిన ఓవెన్, వేడి నీళ్ళ సీసా పెట్టిన థర్మోకోల్ పెట్టె. ఒక్కో చోట మూడేసి గ్లాసులు. ఎందుకు మూడు అని ప్రతి ఒక్కరూ అడుగుతారు, దాని సంగతి లెక్కల దగ్గర చెప్తా.

ఆ అమ్మాయికి మొదటిసారి అంకెలు అర్థం లేకుండా వచ్చాయి. ఫ్రిజ్‌లోది కూడా మొదటి రెండు గంటలు కాస్త పొంగింది, తర్వాత ఆగింది. మూడు రోజులు తల పట్టుకుని చివరికి తనే కనుక్కుంది, మిక్సీలో రుబ్బినప్పుడు పిండి వేడెక్కింది, ఫ్రిజ్‌లో పెట్టినా లోపలిదాకా చల్లబడటానికి టైమ్ పట్టింది, ఈలోగా అది పులవడం మొదలుపెట్టింది. అంటే తను కొలవాల్సింది గది టెంపరేచర్ కాదు, పిండి టెంపరేచర్. రెండోసారి ఐస్ నీళ్ళు పోసి రుబ్బించింది, ఒక్కో చోట ఒక్కో గ్లాసులో థర్మామీటర్ ముంచి పెట్టింది. ఈ ఒక్క మార్పుతో ప్రాజెక్టు నిలబడింది. ఇలాంటి తప్పు పిల్లలు సొంతంగా పట్టుకోవాలి అన్నందుకే పెద్దవాళ్ళని దూరంగా ఉండమంటున్నా.

రాత్రంతా మేలుకోవాలా అంటే అక్కర్లేదు. పాత ఫోన్ ఒకటి స్టాండ్ మీద పెట్టి టైమ్‌లాప్స్ ఆన్ చెయ్యండి, లేదా పది నిమిషాలకొక ఫోటో తీసే యాప్ పెట్టండి, ఫ్రేములో స్కేల్, పక్కన ఒక గడియారం కనిపించేలా. పొద్దున్నే తాపీగా ఫోటోలు చూసి ఎత్తులు రాసుకోవచ్చు. లైటు మాత్రం ఆర్పకూడదు, లేకపోతే పొద్దున నల్లటి ఫోటోలు చూసి ఏడుపొస్తుంది. ఫ్రిజ్ లోపల ఇది కుదరదు, దాన్ని పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి చూస్తే చాలు.

ఇదంతా కనీసం మూడు వేర్వేరు రోజులు, మూడు వేర్వేరు వాయిలతో చెయ్యండి. ఒక్క వాయితో చేస్తే మీరు కనుక్కున్నది ఆ రోజు పిండి గురించి మాత్రమే.

ఆరో మెట్టు: లెక్కలు

పొంగు శాతం ఇలా: ఇప్పటి ఎత్తులోంచి మొదటి ఎత్తు తీసేసి, మొదటి ఎత్తుతో భాగించి, వందతో గుణించాలి. 6 సెం.మీ. ఉన్నది 9 అయితే 50 శాతం.

ఇప్పుడు మూడు గ్లాసుల సంగతి. ఒక చోట మూడు గ్లాసుల్లో 48, 52, 50 శాతం వచ్చాయనుకోండి, సగటు 50. ఇంకో చోట 30, 95, 25 వచ్చాయనుకోండి, దాని సగటూ 50యే. సగటు మాత్రమే రాస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి, కానీ రెండో చోట ఏదో గడబిడ జరిగింది, 95 వచ్చిన గ్లాసు దగ్గర ఏమైందో నోట్‌బుక్‌లో వెతకాలి. అందుకే సగటు పక్కన ఎప్పుడూ అన్నిటికన్నా తక్కువది, ఎక్కువది రాయండి. పదో క్లాస్‌వాళ్ళు స్టాండర్డ్ డీవియేషన్, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే లెక్క, నేర్చుకుంటే ఇంకా మంచిది, స్ప్రెడ్‌షీట్‌లో ఒక్క ఫార్ములాతో వస్తుంది, కానీ ఒక్కసారైనా చేత్తో వేసి చూడండి. గ్రాఫ్‌లో అడ్డంగా టైమ్, నిలువుగా పొంగు శాతం, నాలుగు చోట్లకీ నాలుగు గీతలు. త్రీడీ బార్లూ రంగుల షేడింగులూ వద్దు.

నచ్చని అంకె వచ్చిందని తీసెయ్యడం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు. గ్లాసు పగిలింది, తమ్ముడు తట్టాడు లాంటి కారణం నోట్‌బుక్‌లో ఆ రోజే రాసి ఉంటేనే తీసెయ్యొచ్చు, అది కూడా తీసేశానని చెప్పి మరీ.

ఇంజినీరింగ్ ప్రాజెక్టయితే

ఇక్కడ దారి కాస్త వేరు. సైన్స్ ప్రాజెక్టు ప్రశ్నతో మొదలైతే ఇంజినీరింగ్ ప్రాజెక్టు అవసరంతో మొదలవుతుంది. సంపు సంగతే తీసుకుందాం, 2024 ఎండాకాలంలో నీళ్ళ ట్యాంకర్ల కోసం మనందరం పడ్డ పాట్లు తెలిసినవే. "సంపులో నీళ్ళు ఎంతున్నాయో వాచ్‌మన్ మూత తియ్యకుండా తెలియాలి" అన్నది అవసరం. ఇప్పుడు దాన్ని అంకెల్లోకి మార్చాలి: తప్పు 5 సెం.మీ. దాటకూడదు, నెల రోజులు ఎవరూ ముట్టుకోకుండా పనిచెయ్యాలి, మొత్తం ఖర్చు 1000 రూపాయలు దాటకూడదు, వాచ్‌మన్‌కి చదవడం రాకపోయినా అర్థమవ్వాలి. ఈ నాలుగూ ముందు రాసుకోకపోతే చివర్లో "బాగా పనిచేసింది" అని మాత్రమే చెప్పగలరు, ఎంత బాగా అంటే జవాబుండదు.

చాలామంది వాడేది హెచ్‌సీ-ఎస్ఆర్04 అనే అల్ట్రాసోనిక్ సెన్సర్, దాని అంకెలు చదివే ఆర్డుయినో ఊనో అనే చిన్న కంప్యూటర్ బోర్డు. సెన్సర్ మనకి వినిపించని శబ్దం పంపి, అది నీటికి తగిలి తిరిగి రావడానికి పట్టిన టైమ్ చెప్తుంది. ఆ టైమ్‌ని మైక్రోసెకన్లలో తీసుకుని 0.0343తో గుణించి రెండుతో భాగిస్తే దూరం సెంటీమీటర్లలో వస్తుంది. ఈ 0.0343 ఎక్కడిదని మీ పిల్లల్ని అడగండి, చాలామంది "కోడ్‌లో ఉంది అంకుల్" అంటారు. 20 డిగ్రీల దగ్గర గాల్లో శబ్దం సెకనుకి 343 మీటర్లు పోతుంది, అదే ఇది. మరి 30 డిగ్రీలుంటే? దాదాపు 349 మీటర్లు పోతుంది. అంటే సంపులో రెండు మీటర్ల కింద నీళ్ళుంటే మీ బాక్స్ దాదాపు మూడున్నర సెంటీమీటర్లు తక్కువ చూపిస్తుంది, మీరు ఒప్పుకున్న 5 సెం.మీ. తప్పులో సగం కన్నా ఎక్కువ ఇక్కడే పోయింది. పక్కన ఒక టెంపరేచర్ సెన్సర్ పెట్టి ఆ అంకెని సరిచేస్తే ఎంత మెరుగైందో కొలిచి చూపించండి, అదొక్కటే ఒక మంచి ప్రాజెక్టు.

ఇంకో సమస్య తేమ. సంపు లోపల ఎప్పుడూ చెమ్మే, మామూలు సెన్సర్ కళ్ళ మీద నీటి చుక్కలు పట్టి కొన్ని రోజులకే పిచ్చి అంకెలు ఇవ్వడం మొదలవుతుంది. నీళ్ళు తగిలినా పాడవ్వని రకం సెన్సర్ దొరుకుతుంది, కానీ దానికి దాదాపు 20, 25 సెంటీమీటర్ల కన్నా దగ్గరున్నవి కనిపించవు, కాబట్టి నీళ్ళు పూర్తిగా నిండినా సెన్సర్‌కీ నీటికీ మధ్య అంత చోటుండేలా పెట్టాలి. ఒకదానికి బదులు ఇంకోటి వాడితే ఏం వచ్చింది, ఏం పోయింది అని రాయండి, ఇంజినీరింగ్ అంటే చాలావరకు ఇదే.

వైఫై కావాలని ఈఎస్‌పీ32 బోర్డు వాడేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, అది 3.3 ఓల్టుల బోర్డు, ఆ హెచ్‌సీ-ఎస్ఆర్04 సెన్సర్‌లో శబ్దం తిరిగొచ్చిందని చెప్పే ఎకో పిన్ 5 ఓల్టులు ఇస్తుంది, నేరుగా కలిపితే బోర్డు పాడవ్వొచ్చు. ఎకోకీ బోర్డు పిన్‌కీ మధ్య ఒక 1 కిలో ఓమ్ రెసిస్టర్, ఆ పిన్ నుంచి గ్రౌండ్‌కి 2 కిలో ఓములు పెడితే 5 ఓల్టులు 3.3కి తగ్గుతాయి. ఎందుకు తగ్గుతాయో పదో క్లాస్ కరెంటు పాఠంతోనే లెక్క కట్టొచ్చు, కట్టించండి.

కోడ్ గురించి. ఇప్పుడు పిల్లలు ఏఐని అడిగి కోడ్ తెచ్చుకుంటున్నారు, నేను వద్దనను, కానీ నా రూల్ ఒకటే, ఏ లైన్ ఏం చేస్తుందో నోరారా చెప్పలేకపోతే ఆ లైన్ తీసెయ్యాలి. ముందు టింకర్‌క్యాడ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా సర్క్యూట్ కట్టి చూసుకుంటే నిజం బోర్డులు కాల్చుకోవడం తగ్గుతుంది.

మొదటి నమూనా ఫెయిలవుతుంది, అవ్వాలి కూడా. కనీసం మూడు నమూనాలకి టైమ్ ఉంచుకోండి, ప్రతి దాని ఫోటో తీసి, ఏం చెడింది, ఏం మార్చాం అన్నది రాయండి. పరీక్ష మాత్రం ముందు బకెట్‌లో చెయ్యండి: టేపుతో కొలిచిన ఎత్తు ఒక కాలమ్‌లో, బాక్స్ చూపించింది పక్క కాలమ్‌లో, పది ఎత్తుల దగ్గర.

ఒక్క రూపాయి ఖర్చు లేని ప్రాజెక్టు

ఇది నాకు చాలా ఇష్టం, మన తెలుగు పిల్లలకి బాగా కుదురుతుంది, ఎందుకంటే దీనికి హైదరాబాద్‌లో ఒక చుట్టం కావాలి, అది మనలో ఎవరికి లేదు చెప్పండి.

బెంగళూరులో ఏటా రెండుసార్లు, ఏప్రిల్ 24 ప్రాంతంలో, ఆగస్టు 18 ప్రాంతంలో, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీదకి వస్తాడు, నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. ఏప్రిల్‌లో అది దాదాపు 12 గంటల 17, 18 నిమిషాలకి. అదే రోజు హైదరాబాద్‌లో ఉన్న మీ బావో పిన్నిగారి అబ్బాయో ఒక మీటరు కర్ర నిలబెట్టి అక్కడి మిట్టమధ్యాహ్నం, అంటే 12 గంటల 14 నిమిషాల ప్రాంతంలో నీడ కొలవాలి. దాదాపు 7.7 సెం.మీ. రావాలి. నీడని కర్ర పొడవుతో భాగిస్తే వచ్చేది కోణం టాంజెంట్ (tan), కాలిక్యులేటర్‌లో tan⁻¹ నొక్కితే కోణం వస్తుంది, అది సుమారు 4.4 డిగ్రీలు. రెండు ఊళ్ళ మధ్య ఉత్తర దక్షిణ దూరం మ్యాప్‌లో దాదాపు 490 కిలోమీటర్లు, హైదరాబాద్ మనకి ఇంచుమించు నేరుగా ఉత్తరానే ఉంది, అది మన అదృష్టం. 4.4 డిగ్రీలకి 490 అయితే 360 డిగ్రీలకి ఎంత? దాదాపు 40,000 కిలోమీటర్లు, భూమి చుట్టుకొలత! రెండు వేల ఏళ్ళ కన్నా ముందే ఈజిప్టులో ఎరటోస్తనీస్ చేసింది ఇదే.

అసలు మజా తప్పుల లెక్కలో ఉంది. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న పళ్ళెం, కాబట్టి మీటరు కర్ర నీడ చివర దాదాపు 9 మిల్లీమీటర్ల మేర మసగ్గా ఉంటుంది. ఎక్కడ కొలవాలో తెలియక 5 మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే చుట్టుకొలతలో రెండున్నర వేల కిలోమీటర్ల తేడా వస్తుంది. కర్ర పొడవు పెంచితే ఏమవుతుంది, మసక కూడా పెరుగుతుంది కదా, మరి లాభముందా? చిన్న రంధ్రం ఉన్న అట్టముక్కని కర్ర కొసకి పెడితే? దారానికి బరువు కట్టి నిటారు చూసుకోకపోతే ఎంత తప్పొస్తుంది? పిల్లలు వీటి మీద నెలరోజులు పనిచెయ్యొచ్చు.

సామాను ఎక్కడ

ఎలక్ట్రానిక్స్‌కి టౌన్‌హాల్ దగ్గరి ఎస్పీ రోడ్, బండి పార్కింగ్ కష్టం కాబట్టి మెట్రోలో వెళ్ళండి. ఆదివారం చాలా షాపులు మూసుంటాయి, శనివారం పొద్దున మంచిది. పేరు, నంబరు రాసిన చీటీ పిల్లల చేతికిచ్చి వాళ్ళనే అడగనివ్వండి, కన్నడలో "ఇదు ఎష్టు" అని అడిగితే చాలు. సెన్సర్లు రెండేసి కొనండి, ఒకటి పాడైనా పని ఆగదు, పైగా రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకేలా చూపించవని తెలుస్తుంది, డీహెచ్‌టీ11 లాంటి చవక టెంపరేచర్ సెన్సర్‌కి రెండు డిగ్రీల వరకు తేడా ఉండొచ్చని తయారీదారులే రాస్తారు.

ఫోన్ మర్చిపోవద్దు. జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీవాళ్ళు చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది, మీ ఫోన్‌లోని కదలిక, అయస్కాంతం, శబ్దం సెన్సర్లన్నిటి అంకెలూ చూపిస్తుంది. లిఫ్ట్ ఎంత వేగంగా పైకి లేస్తుందో కొలవడానికి వేరే ఏమీ అక్కర్లేదు.

ప్రమాదాలు, రూల్స్

ఇంటి ప్లగ్గులోని 230 ఓల్టుల జోలికి పిల్లలు వెళ్ళకూడదు, పవర్ బ్యాంకు చాలు. సంపు ప్రాజెక్టులో మోటారుని ఆన్ ఆఫ్ చేసేది పెట్టొద్దు, బజర్ మోగితే వాచ్‌మన్ వేస్తాడు. సంపు మూత పెద్దవాళ్ళే తియ్యాలి, పిల్లలు లోపలికి వంగడం, దిగడం అస్సలు కుదరదు, అందులో మనుషులు పోయిన సంఘటనలు మనం వింటూనే ఉన్నాం. ఇంట్లో బ్యాక్టీరియాని పళ్ళాల్లో పెంచొద్దు, అంతర్జాతీయ పోటీ ఐసెఫ్ రూల్స్‌లో కూడా ఇంట్లో పెంచడం నిషేధం. మనుషుల మీద ఏదైనా కొలవాలన్నా, సర్వే అయినా, తాతగారి బీపీ అయినా, మొదలుపెట్టక ముందే అనుమతి కమిటీ ఒప్పుకోవాలి, అయిపోయాక సంతకాలు పెట్టిస్తే చెల్లదు. పోటీకి పంపే ఆలోచన ఏమాత్రం ఉన్నా రూల్స్ మొదటి వారమే చదవండి.

ఎవర్ని అడగాలి

బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్సీ) ఓపెన్ డే ఏడాదికొకసారి, ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిల్లో ఉంటుంది, ఎవరైనా వెళ్ళొచ్చు. మోడల్స్ చూసి సెల్ఫీలు తీసుకుని రావడం కాదు, మీ నోట్‌బుక్ పట్టుకెళ్ళి అక్కడి రీసెర్చ్ స్టూడెంట్లకి చూపించండి, అంత ఓపిగ్గా చెప్పేవాళ్ళు మళ్ళీ దొరకరు. హై గ్రౌండ్స్‌లోని నెహ్రూ ప్లానిటేరియం, కస్తూర్బా రోడ్‌లోని విశ్వేశ్వరయ్య మ్యూజియం కూడా పిల్లల సైన్స్ కార్యక్రమాలు పెడుతుంటాయి. ప్రొఫెసర్‌కి మెయిల్ రాస్తే ఐదు వాక్యాలు దాటొద్దు: నేనెవరు, ఏం కొలిచాను, ఏమొచ్చింది, ఎక్కడ ఆగిపోయాను, ఒక్క ప్రశ్న. "నాకు ప్రాజెక్ట్ ఐడియా ఇవ్వండి" అని రాస్తే జవాబు రాదు, ఒక గ్రాఫ్ జతచేసి "ఈ గీత ఇక్కడ ఎందుకు వంగింది" అని అడిగితే రావచ్చు.

పోటీలు

కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకి స్కూల్ ద్వారానే పేరు వెళ్ళాలి, ఎంపికైన ఐడియాకి 10,000 రూపాయలు ఇస్తారు, కాబట్టి స్కూల్ తెరవగానే సైన్స్ టీచర్‌ని అడగండి. పిల్లల జాతీయ సైన్స్ కాంగ్రెస్ 10 నుంచి 17 ఏళ్ళవాళ్ళకి, చుట్టుపక్కల సమస్యల మీద పనిచేసేవాళ్ళకి సరిపోతుంది. స్కూల్లో ప్రభుత్వ సాయంతో పెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే తాళం వేసి ఉంచకుండా వాడుకోనివ్వమని పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి. ఐసెఫ్ 9 నుంచి 12 తరగతులవాళ్ళకి, 1950 నుంచి జరుగుతోంది, నేరుగా వెళ్ళలేం, ఇక్కడి ఫెయిర్‌లో గెలిచి వెళ్ళాలి. కానీ పోటీ చూసి ప్రాజెక్టు ఎంచుకోకండి, ప్రాజెక్టు అయ్యాక ఏ పోటీకి సరిపోతుందో చూడండి.

చివరి మెట్టు: బోర్డు, మాటలు

చార్టు మీద ప్రశ్న పెద్ద అక్షరాల్లో, మధ్యలో ఒక్క గ్రాఫ్, ఎడమ పక్క ఎలా చేశాం, కుడి పక్క ఏం తెలిసింది, ఇంకా ఏం తెలియదు. మెరుపు కాగితాలు వద్దు. చెప్పడం రెండు నిమిషాల్లో అయిపోవాలి, తెలుగులో ముందు అమ్మమ్మకి చెప్పి చూడండి, ఆవిడకి అర్థమైతే ఇంగ్లీషులో ఎవరికైనా చెప్పొచ్చు.

జడ్జీలు దాదాపు అందరూ అడిగే ప్రశ్నలు కొన్నున్నాయి: ఈ ఐడియా ఎక్కడిది, ఎవరు సాయం చేశారు, ఏది ఫెయిలయింది, మళ్ళీ చేస్తే ఏం మారుస్తావు, ఈ అంకె మీద నీకు ఎంత నమ్మకం. సాయం చేసినవాళ్ళ పేర్లు దాచొద్దు. తెలియకపోతే "తెలియదు, కానీ ఇలా కొలిచి తెలుసుకోవచ్చు" అనాలి. మా ఇడ్లీ పిండి అమ్మాయిని కూడా ఏది ఫెయిలయిందని అడిగారట. తను మాట్లాడకుండా నోట్‌బుక్‌లో 14వ పేజీ తీసి చూపించింది, అక్కడ మొదటి రోజు ఫ్రిజ్ అంకెల మీద ఒకే ఒక గీత, పక్కన "పిండి వేడిగా ఉంది!!" అని, కనుక్కున్న రోజు తేదీతో రాసుంది.